ఎండోస్కోపీ నార్మల్, కానీ రెండు ఇడ్లీలకే కడుపు నిండిపోతోంది: ఏడు మందులు వాడాక ఇప్పుడు డిప్రెషన్ మాత్ర రాశారు

మంగళగిరి_మల్లి
నాకు 34 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. రెండేళ్ల కిందట ఒక పెళ్లి భోజనం చేసి వచ్చిన రాత్రి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగు రోజుల్లో తగ్గాయి కానీ కడుపు మాత్రం ఆ రోజు నుంచి మునుపటిలా లేదు. రెండు ఇడ్లీలు తింటే విస్తరి నిండా తిన్నంత భారం. పొట్ట పైభాగం బిగదీసుకుపోతుంది. గంట తిరక్కుండా పులితేన్పులు, గుండెల్లో మంట. పొద్దున స్కూలు బస్సు ఎక్కేలోపు మూడుసార్లు బాత్రూమ్‌కి పరుగు, మళ్లీ రెండు రోజులు అసలు రాదు.

ఎండోస్కోపీ నార్మల్. స్కానింగ్ నార్మల్. థైరాయిడ్ నార్మల్. నలుగురు డాక్టర్లను చూశాక నా సంచీలో ఉన్నవి ఇవి:
పొద్దున పాంటాప్రజోల్ 40 + డాంపెరిడాన్ 30 క్యాప్సూల్
రాత్రి రాబెప్రజోల్ 20 + లెవోసల్పిరైడ్ 75 క్యాప్సూల్
సుక్రాల్‌ఫేట్ సిరప్
మెబెవెరిన్
అరుగుదలకి ఎంజైమ్ సిరప్
ప్రోబయోటిక్
నొప్పి వస్తే డైసైక్లోమిన్ + మెఫెనమిక్ యాసిడ్

మొన్న గ్యాస్ట్రో స్పెషలిస్టు దగ్గరికి వెళ్తే ఈ మొత్తం కొట్టేసి మూడే రాశారు. పాంటాప్రజోల్ ఒక్కటే పొద్దున, అకోటియామైడ్ 100 మూడు పూటలా భోజనానికి ముందు, అమిట్రిప్టిలిన్ 10 రాత్రి. ఇంటికి వచ్చి చూస్తే మూడోది డిప్రెషన్ మందట. ఇన్నాళ్లూ మా అత్తగారు "పరీక్షల్లో ఏమీ లేదుగా, అంతా నీ మనసులోనే" అంటూ వచ్చారు. ఇప్పుడు డాక్టరు కూడా అదే అన్నట్టయింది. ఆ మాత్ర ఇంకా ముట్టుకోలేదు. ఇలా పైన, మధ్యన, కింద మూడు చోట్లా బాధ ఉన్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? ఏ మందు పనిచేసింది?

పప్పుచారు_ప్రియుడు
టెన్షన్ తగ్గించుకోండి. సగం రోగం అదే.

ఓరుగల్లు_పిల్ల
పైన అన్నయ్యా, ఆమె అడిగింది ఏంటి, మీరు చెప్పింది ఏంటి? టెన్షన్ తగ్గించుకో అని చెప్తే తగ్గేదైతే అందరం ఎప్పుడో తగ్గించుకునేవాళ్లం.

మల్లి అక్కా, నాది అచ్చం మీలాంటి కథే. హాస్టల్లో ఫుడ్ పాయిజన్ అయ్యాక మొదలైంది. మా డాక్టరమ్మ చెప్పింది ఏంటంటే, పేగులకి ఒకసారి గట్టి ఇన్‌ఫెక్షన్ వచ్చాక, క్రిమి పోయినా అక్కడి నరాలు కొందరిలో మామూలు స్థితికి రావట. మామూలు గాలిని, మామూలు అన్నాన్ని కూడా నొప్పిగా, భారంగా లెక్కేస్తాయట. ఎండోస్కోపీలో పుండు కనిపిస్తుంది, వాపు కనిపిస్తుంది. నరం ఎంత సున్నితంగా ఉందో కనిపించదు. నార్మల్ అంటే "పుండు లేదు" అని మాత్రమే, "బాధ లేదు" అని కాదు.

కొట్టు_గుమాస్తా
ఇరవై ఏళ్లుగా మందుల షాపులో ఉన్నాను, బీఫార్మసీ చదివాను. డాక్టరుని కాదు. ఆ జాబితా చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

పొద్దున ఒక యాసిడ్ మందు, రాత్రి ఇంకో యాసిడ్ మందు. పేర్లు వేరైనా పాంటాప్రజోల్, రాబెప్రజోల్ రెండూ ఒకే పని చేస్తాయి. డాంపెరిడాన్, లెవోసల్పిరైడ్ కూడా అంతే, రెండూ డోపమైన్ అనే, నరాల మధ్య సంకేతాలు మోసే రసాయనాన్ని అడ్డుకునేవే. ఇద్దరు డాక్టర్లు ఒకరి చీటీ ఒకరు చూడకుండా రాస్తే జరిగేది ఇదే. ఇక ఆ నొప్పి మాత్ర. అందులో మెఫెనమిక్ యాసిడ్ పెయిన్ కిల్లర్, కడుపు పొరను రేపేది. డైసైక్లోమిన్ పేగు పట్టేయడం తగ్గిస్తుంది కానీ కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మది చేస్తుంది. ఒక చేత్తో అరగడానికి మందు, ఇంకో చేత్తో అరగకుండా మందు. మీ కొత్త డాక్టరు అన్నీ కొట్టేశారంటే ఆయన మీ సంచీని శ్రద్ధగా చూశారని నాకనిపిస్తోంది.

సుక్రాల్‌ఫేట్ మలబద్ధకం చేస్తుంది, వేరే మందుల్ని కూడా ఒంటికి పట్టనివ్వదు. ఇది చాలామందికి తెలియదు.

మంగళగిరి_మల్లి
కొట్టు_గుమాస్తా గారూ, పెయిన్ కిల్లర్ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నెలకి పది పన్నెండు వేసుకుంటున్నాను. నెలసరి నొప్పికి కూడా అదే.

పెన్నా_తీరం
ఇంగ్లిష్ మందులన్నీ పక్కన పెట్టండి. వాము, సొంఠి, జీలకర్ర వేయించి పొడి కొట్టి, మొదటి ముద్దలో నెయ్యితో కలిపి తినండి. మా నాయనమ్మ తొంభై ఏళ్లు బతికింది, ఒక్క గ్యాస్ మాత్ర వేసుకోలేదు.

సూరీడు_88
వాము నాకూ పనిచేస్తుంది పెన్నా గారూ, ఉబ్బరానికి. కానీ మంట ఉన్న రోజు వేసుకుంటే ఛాతీలో నిప్పు పెట్టినట్టే. మీ నాయనమ్మ గారికి ఉబ్బరం ఒక్కటే ఉండి ఉంటుంది, మల్లి గారికి మూడున్నాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒకటి తగ్గించేది ఇంకోదాన్ని పెంచుతుంది. నాకు ఐబీఎస్ (పరీక్షల్లో ఏమీ కనిపించకపోయినా పేగు నొప్పి, విరేచనాలు, మలబద్ధకం వచ్చే బాధ) కోసం పుదీనా నూనె క్యాప్సూల్స్ ఇచ్చారు, కింద నొప్పి బాగా తగ్గింది. కానీ ఆహారనాళం చివర ఉన్న వాల్వుని పుదీనా వదులు చేస్తుందట, మంట రెట్టింపైంది. మలబద్ధకానికి ఇసబ్గోల్ మొదలుపెడితే ఒకేసారి రెండు చెంచాలు వేశాను, పొట్ట డోలులా అయింది. తర్వాత అర చెంచాతో మొదలుపెట్టి మూడు వారాల్లో పెంచితే సరిపోయింది.

లీడ్స్_లలిత
మల్లి, అమిట్రిప్టిలిన్ గురించి భయపడకు. డిప్రెషన్‌కి ఇచ్చే డోసు మామూలుగా 75 నుంచి 150 మిల్లీగ్రాములు. నీకు రాసింది 10. అంత తక్కువ డోసు మనసు కోసం కాదు, పేగు నుంచి మెదడుకి వెళ్లే నొప్పి సంకేతాల్ని తగ్గించడానికి. మైగ్రేన్‌కీ, షుగర్ వల్ల కాళ్ల మంటలకీ ఇదే మందు ఇస్తారు. వాళ్లని ఎవరూ పిచ్చివాళ్లనరు కదా.

నేనుండే ఇంగ్లండులోనే ఒక పెద్ద అధ్యయనం చేశారు. 2023లో వచ్చింది, పేరు అట్లాంటిస్. మామూలు మందులకి తగ్గని ఐబీఎస్ ఉన్న 463 మందిలో కొందరికి అమిట్రిప్టిలిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి 6 నెలలు చూశారు. 10తో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి 30 వరకు పెంచుకునేలా. మందు తీసుకున్నవాళ్లే స్పష్టంగా మెరుగ్గా ఉన్నారు. నేను కూడా 20 మీద ఏడాదిన్నర నుంచి ఉన్నాను. నోరు ఎండుతుంది, పొద్దున లేవడం కొంచెం కష్టం. రాత్రి పదింటికి బదులు ఎనిమిదిన్నరకి వేసుకుంటే పొద్దుటి మగత పోయింది.

జిజ్ఞాసి
లలిత గారు చెప్పింది ఐబీఎస్ వరకు సరే. కానీ మల్లి గారి పెద్ద బాధ తిన్నాక భారం. అది ఫంక్షనల్ డిస్పెప్సియా, అంటే పరీక్షల్లో కారణం కనిపించని అజీర్తి. అందులో రెండు రకాలు చెప్తారు. తిన్నాక భారం, కాస్త తినగానే నిండిపోవడం ఒక రకం. పొట్ట పైభాగంలో నొప్పి, మంట రెండో రకం. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. 2015లో అమెరికా, కెనడాల్లో 292 మందితో చేసిన అధ్యయనంలో అమిట్రిప్టిలిన్ 50 మిల్లీగ్రాములు నొప్పి రకానికే బాగా పనిచేసింది, భారం రకానికి పెద్దగా కాదు. అదే అధ్యయనంలో ఎస్సిటాలోప్రామ్ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగేమీ కాలేదు. అది అసలైన డిప్రెషన్ మందు. అంటే ఇది మనసు బాగుచేసి కడుపు తగ్గించే వ్యవహారం కాదని తేలినట్టే కదా.

లీడ్స్_లలిత
ఒప్పుకుంటా. అందుకేనేమో ఆమెకి అకోటియామైడ్ కూడా రాశారు.

జిజ్ఞాసి
అవును, నేననుకున్నదీ అదే. అన్నం లోపలికి రాగానే కడుపు పైభాగం సంచిలా వదులై చోటివ్వాలి. కొందరిలో ఆ వదులవడం సరిగా జరగదు. అందుకే రెండు ఇడ్లీలకే నిండినట్టు. అకోటియామైడ్ ఆ వదులవడానికీ, అన్నం ముందుకి కదలడానికీ సాయపడుతుంది. జపాన్‌లో 2013లో అనుమతించారు, మన దగ్గరా దొరుకుతోంది. తిన్నాక వేసుకుంటే లాభం తక్కువ, ముందే వేసుకోవాలి. యాసిడ్ మంటకి పాంటాప్రజోల్, భారానికి అకోటియామైడ్, నొప్పికీ పేగు నరాలకీ అమిట్రిప్టిలిన్. మూడు బాధలకి మూడు మందులు, ఒకదాని దారికి ఒకటి అడ్డం రాకుండా. చీటీ నాకు సబబుగానే ఉంది.

చెన్నై_తెలుగోడు
అకోటియామైడ్ నాకు రెండు నెలలు వాడినా ఏమీ కాలేదు. డబ్బులు దండగ.

ఓరుగల్లు_పిల్ల
నాకు నాలుగో వారం నుంచి తేడా తెలిసింది. ఒక చపాతీ దగ్గర ఆగేదాన్ని, రెండు తినగలిగాను. అందరికీ ఒకటే పనిచేయదు, చెన్నై అన్నా.

కరీంనగర్_కుర్రోడు
లెవోసల్పిరైడ్ పేరు కనిపించింది కాబట్టి ఇది రాయక తప్పదు. మా నాన్నకి 68 ఏళ్లు, షుగర్ ఉంది. తిన్నది అరగట్లేదని రాబెప్రజోల్ + లెవోసల్పిరైడ్ క్యాప్సూల్ నెల రోజులకి రాశారు. నాన్న ఆ చీటీ పట్టుకుని పద్నాలుగు నెలలు తెచ్చుకుంటూనే ఉన్నాడు. అడిగినవాడు లేడు. మెల్లగా చేయి వణకడం మొదలైంది. నడక చిన్నగా, కాళ్లీడ్చుకుంటూ. ముఖంలో నవ్వు పోయింది. మేం వయసు అనుకున్నాం. అమ్మ మాత్రం "ఈయన ఈయనలా లేడు" అని రోజూ అనేది.

నరాల డాక్టరు మొదట అడిగిన మాట, "వాడే మందులన్నీ బల్ల మీద పెట్టండి." ఆ క్యాప్సూల్ తీసి పక్కన పెట్టారు. అది మానసిక వ్యాధులకి ఇచ్చే మందుల కుటుంబానికి చెందిందట, పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు తెస్తుందట. ఆపిన మూడు నెలలకి వణుకు చాలావరకు తగ్గింది. ఆ రోజు నాన్న షర్టు గుండీలు తనే పెట్టుకున్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్ల గ్యాస్ క్యాప్సూల్ వెనక అట్ట మీద ఏం రాసి ఉందో ఈ రాత్రే చదవండి.

కొట్టు_గుమాస్తా
కుర్రోడా, నీ పోస్టు చదివి కొంచెంసేపు ఊరుకున్నాను. మా కొట్లో కూడా "ఆ పచ్చ క్యాప్సూల్ ఇవ్వండి" అని పాత అట్ట పట్టుకొచ్చేవాళ్లు రోజూ ఉంటారు. నేను ఇప్పుడు చీటీ తేదీ అడుగుతున్నాను. కొందరు కోప్పడి పక్క కొట్టుకి పోతారు. పోనీ.

డాంపెరిడాన్ సంగతీ చెప్పాలి. యూరప్ మందుల సంస్థ 2014లోనే చెప్పింది: వాంతులు, వికారానికి మాత్రమే, రోజుకి 30 మిల్లీగ్రాములు దాటకుండా, మామూలుగా వారం మించకుండా. గుండె లయ తప్పే ప్రమాదం ఉందని. మన దగ్గర ఏళ్ల తరబడి వాడేస్తున్నారు. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌తో కలిపి అసలు వేసుకోకూడదు.

డల్లాస్_రమ
అమెరికాలో డాంపెరిడాన్‌కి అసలు అనుమతే లేదు. ఇండియా వెళ్లొచ్చేవాళ్లు సూట్‌కేసులో ఆవకాయ పక్కన ఈ క్యాప్సూల్స్ తెచ్చుకుంటారు. నా ఫ్రెండూ తెచ్చుకునేది. ఇక్కడ డాక్టరుకి చెప్పలేదు. కనీసం చెప్పండమ్మా, వేరే మందు రాసేటప్పుడు వాళ్లకి తెలియాలి కదా.

పేరు_వద్దు
పేరు లేకుండా రాస్తున్నాను. నాకు పెళ్లి కాలేదు. ఆరు నెలలు డాంపెరిడాన్ ఉన్న క్యాప్సూల్ వాడాక రొమ్ముల నుంచి పాలు లాంటివి రావడం మొదలైంది, నెలసరి ఆగింది. ఇంట్లో చెప్పలేక నరకం చూశాను. ప్రొలాక్టిన్ అనే పాలు తెప్పించే హార్మోన్ పెరిగిందన్నారు, తలకి స్కాన్ కూడా తీశారు. చివరికి కారణం ఆ క్యాప్సూల్. ఆపాక రెండు నెలల్లో సర్దుకుంది. ఆడపిల్లలు ఎవరికైనా ఇలా అయితే సిగ్గుపడకండి, వాడే మందుల పేర్లు డాక్టరుకి చెప్పండి.

ఓరుగల్లు_పిల్ల
రాసినందుకు థాంక్స్ అక్కా. చాలామందికి ఇది తెలియదు.

విశాఖ_సముద్రం
మల్లి గారూ, కొన్ని అడగాలి. బరువు తగ్గారా? రక్తం తక్కువగా ఉందా? మింగేటప్పుడు అన్నం అడ్డం పడుతోందా? నల్లటి విరేచనం, రక్తపు వాంతి ఎప్పుడైనా? ఇంట్లో ఎవరికైనా జీర్ణాశయం క్యాన్సర్ ఉందా? నేను ఆసుపత్రిలో నర్సుని. ఇవి ఉంటే "ఫంక్షనల్" అని వదిలేయకూడదు. ఇంకో మాట, ఎండోస్కోపీ అప్పుడు హెచ్ పైలోరీ (కడుపులో పుండు తెచ్చే క్రిమి) పరీక్ష చేశారా?

మంగళగిరి_మల్లి
రెండేళ్లలో 3 కిలోలు తగ్గాను, సరిగా తినలేక అనుకుంటున్నా. హిమోగ్లోబిన్ 11. మిగతావేవీ లేవు. హెచ్ పైలోరీ: రిపోర్టులో "ర్యాపిడ్ యూరియేస్ టెస్ట్ నెగెటివ్" అని ఉంది.

విశాఖ_సముద్రం
ఎండోస్కోపీ రోజుకి పాంటాప్రజోల్ వాడుతున్నారా?

మంగళగిరి_మల్లి
వాడుతున్నాను. ఆ పొద్దున మాత్రమే వేసుకోలేదు.

విశాఖ_సముద్రం
అయితే ఆ నెగెటివ్‌ని పూర్తిగా నమ్మలేం. యాసిడ్ మందు వాడుతుంటే ఆ క్రిమి అణిగి ఉంటుంది, పరీక్షకి దొరక్కపోవచ్చు. ఈ మందులు 2 వారాలు, యాంటీబయాటిక్స్ అయితే 4 వారాలు ఆపి, శ్వాస పరీక్షో మల పరీక్షో చేయించాలి. మీ డాక్టరుకి గుర్తుచేయండి, బరువు సంగతి కూడా చెప్పండి. క్రిమి దొరికితే దానికి 14 రోజుల యాంటీబయాటిక్ కోర్సు ఉంటుంది. అది పోయాక కొందరికి అజీర్తి పూర్తిగా తగ్గిపోతుంది, అందరికీ కాదు.

జిజ్ఞాసి
ఆ క్రిమి పుండుకి కారణమని మొదట ఎవరూ నమ్మలేదు. 1984లో ఆస్ట్రేలియా డాక్టరు బ్యారీ మార్షల్ ఆ క్రిమి ఉన్న ద్రావణం తనే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఆయనకీ, రాబిన్ వారెన్‌కీ నోబెల్ వచ్చింది. అంతకుముందు కడుపులో పుండుకి కూడా "టెన్షన్ వల్లే" అనేవాళ్లు. మొదటి జవాబు రాసినాయన ఇది చదవాలి.

పప్పుచారు_ప్రియుడు
చదివాను. నేను తొందరపడి రాశాను, మల్లి గారూ ఏమీ అనుకోకండి. మా ఆవిడకీ ఇదే బాధ, ఆమెకి కూడా ఇదే మాట చెప్పేవాణ్ని. ఈ రాత్రి ఈ చర్చంతా ఆమెతో చదివిస్తాను.

సూరీడు_88
రెండు వారాలు పాంటాప్రజోల్ ఆపడం చెప్పినంత తేలిక కాదు. నేను మూడేళ్లు వాడి ఒక్కసారిగా మానేశాను. మూడో రోజుకి మంట మునుపటికంటే ఎక్కువ. "చూశావా, మందు లేకపోతే బతకలేను" అనుకుని మళ్లీ మొదలుపెట్టాను. ఇలా మూడుసార్లు. తర్వాత తెలిసింది, మందు ఆపగానే అణచి ఉంచిన యాసిడ్ కొన్ని వారాలు ఎగదన్నుతుందట. జబ్బు లేని ఆరోగ్యవంతులకి రెండు నెలలు ఈ రకం మందు ఇచ్చి ఆపినా కొందరికి మంట వచ్చిందట. నేను 40 నుంచి 20కి, తర్వాత రోజు విడిచి రోజు, మంట వచ్చిన రోజు యాంటాసిడ్ ద్రవం. నెలన్నర పట్టింది, కానీ బయటపడ్డాను.

మరీ మంట ఉంటే మధ్యలో ఫామోటిడిన్ వాడొచ్చేమో డాక్టరుని అడగండి. నాకు అదే ఇచ్చారు.

కొట్టు_గుమాస్తా
ఫామోటిడిన్ మంచిదే. కొందరు ఇంకా రానిటిడిన్ అడుగుతారు. దాన్ని అమెరికాలో 2020లో మార్కెట్ నుంచి తీయించారు. మన దేశపు అత్యావశ్యక మందుల జాబితా నుంచి 2022లో తీసేశారు.

పాంటాప్రజోల్ వేసుకునే వేళ కూడా చాలామంది తప్పుతారు. టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోవాలి. తిన్నాక వేసుకుని పనిచేయలేదంటే మందు తప్పు కాదు.

నంద్యాల_నాగు
నా కేసు వేరే రకం కానీ పనికొస్తుందేమో. పొద్దున్నే పరుగులు, ఉబ్బరం. ఐబీఎస్ అన్నారు, ఏడాది మందులు. చివరికి అది షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ వల్ల. మెల్లగా కరిగే రకానికి మార్చగానే పరుగులు ఆగాయి. కొత్త జబ్బు పేరు పెట్టుకునే ముందు పాత మందుల వైపు ఒకసారి చూడాలి.

పెన్నా_తీరం
నేను మొండిగా చెప్పాననిపిస్తోంది. కరీంనగర్ తమ్ముడి నాన్నగారి సంగతి కలచివేసింది. అయినా తిండి మాట ఎవరూ ఎత్తలేదు. కడుపు అరగనప్పుడు రాత్రి పదిన్నరకి బిర్యానీ తిని మాత్ర వేసుకుంటే ఏ మాత్ర ఏం చేస్తుంది?

లీడ్స్_లలిత
అది నిజం. నూనె, నెయ్యి ఎక్కువైతే కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది. పచ్చిమిర్చి, ఎండుమిర్చి కారం సున్నితమైన కడుపుని ఇంకా రేపుతుంది. గుంటూరు వైపు వాళ్లకి చెప్పడం కష్టమే కానీ చెప్పాలి మరి. నేను ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, సెనగపప్పు ఆరు వారాలు మానేసి, తర్వాత ఒక్కొక్కటీ కలిపి చూశాను. ఆస్ట్రేలియాలో మోనాష్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన పద్ధతి. నా శత్రువు వెల్లుల్లి అని తేలింది, మిగతావన్నీ తింటున్నాను. అన్నం అందులో మంచి పక్షాన ఉంది, మనకి అదో అదృష్టం. కానీ మల్లి ఇప్పటికే 3 కిలోలు తగ్గింది. ఆమె ఏదీ సొంతంగా మానేయకూడదు.

చెన్నై_తెలుగోడు
మూడు పెద్ద భోజనాల బదులు ఐదు చిన్నవి. నాకు మందుకంటే అదే పనిచేసింది. స్కూల్లో టీచరుకి కుదురుతుందా?

మంగళగిరి_మల్లి
ఇంటర్వెల్ పది నిమిషాలు. అరటిపండు, కాస్త పెరుగన్నం డబ్బాలో తీసుకెళ్తే కుదురుతుంది. ప్రయత్నిస్తాను.

ఏలూరు_ఏటిగట్టు
మధ్యలో ఒక్క మాట. మన ఇళ్లలో మెడ నొప్పికీ గ్యాసే, వెన్ను నొప్పికీ గ్యాసే. మా బాబాయి ఛాతీ బరువుగా ఉందంటే గ్యాస్ అని సోడా తాగించాం. రెండు గంటలు పోయాయి. అది గుండెపోటు. ప్రాణం దక్కింది కానీ గుండె దెబ్బతింది. నడిచినా మెట్లెక్కినా పెరిగే బరువు, చెమటలు, చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే ముందు ఈసీజీ. ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లు.

కరీంనగర్_కుర్రోడు
నిజం అన్నా.

జిజ్ఞాసి
మల్లి గారూ, అమిట్రిప్టిలిన్ మొదలుపెట్టే ముందు కంట్లో నీటి ఒత్తిడి, గుండె లయ సమస్య ఉంటే డాక్టరుకి చెప్పండి. మగవాళ్లయితే ప్రోస్టేట్ సంగతి కూడా. ఒక్క విషయం గట్టిగా చెప్తాను. దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు ఇవ్వాలి. మొదటి వారంలో మగత, నోరెండడం మాత్రమే కనిపిస్తాయి, లాభం కనిపించదు. చాలామంది అక్కడే మానేస్తారు. ఇంకొకటి, మూడు మందులూ ఒకే రోజు మొదలుపెడితే ఏది మేలు చేసిందో ఏది కీడు చేసిందో తెలియదు. ఒకదాని తర్వాత ఒకటి మొదలుపెట్టొచ్చా అని ఆయన్నే అడగండి.

మంగళగిరి_మల్లి
రేపు ఫోన్ చేసి అడుగుతాను. నిన్న రాత్రి ఇదంతా మా ఆయనకి చదివి వినిపించాను. "463 మందికీ పిచ్చి కాదుగా" అన్నాడు. రెండేళ్లలో మొదటిసారి నా వైపు మాట్లాడాడు.

మంగళగిరి_మల్లి
తొమ్మిది వారాల తర్వాత వచ్చాను. చాలామంది ఇన్‌బాక్స్‌లో అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను.

డాక్టరు గారు ముందు పాత మందులన్నీ ఆపించారు. పాంటాప్రజోల్‌ని రెండు వారాలు తగ్గించి, రెండు వారాలు పూర్తిగా ఆపి, మల పరీక్ష చేయించారు. సూరీడు గారు చెప్పినట్టే ఆ రోజుల్లో మంట చుక్కలు చూపించింది. ఫామోటిడిన్‌తో, దిండు ఎత్తు పెట్టుకుని నెట్టుకొచ్చాను. ముందే చదివి ఉండకపోతే మూడో రోజే మళ్లీ మొదలుపెట్టేదాన్ని. హెచ్ పైలోరీ నెగెటివ్. ఒక అనుమానం తీరింది. ఆ నాలుగు వారాల్లోనే అకోటియామైడ్ మొదలైంది. ఐదో వారం నుంచి రాత్రి ఎనిమిదిన్నరకి అమిట్రిప్టిలిన్ 10. నొప్పి మాత్ర ఒక్కటి కూడా వేసుకోలేదు. నెలసరికి వేడినీళ్ల సంచి పెట్టుకుంటున్నాను.

ఇప్పుడు మూడు ఇడ్లీలు తింటున్నాను. భారం పూర్తిగా పోలేదు, సగానికి తగ్గింది. మంట వారానికి ఒకటి రెండు రోజులు. పొద్దున పరుగులు ఆగాయి, బస్సు ఎక్కేటప్పుడు భయం లేదు. బరువు ఒక కిలో పెరిగింది. కానీ మలబద్ధకం ఎక్కువైంది, మూడు రోజులకి ఒకసారి. నోరెండిపోయి క్లాసులో పాఠం మధ్యలో నీళ్లు తాగాల్సి వస్తోంది. డాక్టరు 20కి పెంచుదామన్నారు. ఈ మలబద్ధకంతో పెంచాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. శనివారం మళ్లీ చూపించుకోవాలి.

లీడ్స్_లలిత
మూడు ఇడ్లీలు! చాలా సంతోషం మల్లి. పెంచే ముందు మలబద్ధకం సంగతి చెప్పు. నాకూ అదే వచ్చింది. అమిట్రిప్టిలిన్ పేగు కదలికని నెమ్మది చేస్తుంది. విరేచనాల రకానికి అది వరం, మలబద్ధకం రకానికి ఇబ్బంది. కొందరికి దాని బదులు నార్‌ట్రిప్టిలిన్ ఇస్తారు, మగత, నోరెండడం కాస్త తక్కువ. లేదా 10 దగ్గరే ఆపుతారు. తగ్గుతున్నప్పుడు పెంచాలని రూలేమీ లేదు.

సూరీడు_88
ఇసబ్గోల్ అర చెంచా, పెద్ద గ్లాసు నీళ్లలో, వెంటనే తాగేయాలి, ఆలస్యమైతే జిగురవుతుంది. రాత్రి మందుకి రెండు గంటలు ఎడం పెట్టండి. ఉబ్బరం వస్తే వారం పాటు అదే అర చెంచా, పెంచొద్దు.

పేరు_వద్దు
మీ అత్తగారు ఏమంటున్నారు అక్కా?

మంగళగిరి_మల్లి
మొన్న తన గ్యాస్ క్యాప్సూల్ అట్ట తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇందులో ఏముందో నీ వాళ్లని అడుగు" అన్నారు. రాబెప్రజోల్, లెవోసల్పిరైడ్. ఆమెకి 66. రెండేళ్ల నుంచి వాడుతున్నారు. చేయి వణకట్లేదు కానీ నడక నెమ్మదించిందని నాకే అనిపిస్తోంది. శనివారం ఆమెని కూడా తీసుకెళ్తున్నాను.

కరీంనగర్_కుర్రోడు
అట్ట మర్చిపోకండి అక్కా. ఎప్పటి నుంచి వాడుతున్నారో ఆ తేదీ కాగితం మీద రాసుకుని వెళ్లండి. మా నాన్న విషయంలో డాక్టరు మొదట అడిగింది అదే.